మ్యాన్‌కైండ్ వేషం ఎప్పుడూ నాదే

మా పిల్లల గుంపులో అందరికంటే చిన్నవాణ్ణి నేను. అందుకని వేసవి సెలవులకి తణుకు వెళ్ళినప్పుడల్లా నాకు కొన్ని రాసిపెట్టి ఉండేవి. క్రికెట్ ఆడితే ఫీల్డింగు, భోజనాలకి కూర్చుంటే చివరి పీట, డాబా మీద డబ్ల్యూడబ్ల్యూఎఫ్, అంటే టీవీలో వచ్చే అమెరికా కుస్తీ, ఆడితే మ్యాన్‌కైండ్ అనే మల్లుడి వేషం. అండర్‌టేకర్ ఎప్పుడూ మా బావే. పొడుగ్గా ఉంటాడు, పైగా కళ్ళు పైకి తిప్పేసి తెల్లగుడ్డు మాత్రమే కనపడేలా చెయ్యడం మా అందరిలో బావకొక్కడికే వచ్చు. అన్నయ్య ఒక కనుబొమ్మ ఎగరేస్తాడు కాబట్టి ద రాక్. చిన్నబావకి ఏమీ రాకపోయినా స్టోన్ కోల్డ్ ఇచ్చేశారు, ఎందుకంటే ఆ డాబా వాళ్ళది.

డాబా మీద ఎండేసిన బూరుగుదూది పరుపులే రింగు. పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ కాగితానికి కళ్ళ దగ్గరా నోటి దగ్గరా చిల్లులు పొడిచి, రబ్బరు బ్యాండ్లతో నా చెవులకి తగిలించేవాడు బావ. అదే మాస్కు. చెమటకి తడిసి సగం ఆటలోనే చిరిగిపోయేది. "ఒరేయ్, నువ్వు పడాలిరా, పడితేనే బావుంటుంది" అనేవాడు. పడేవాణ్ణి. మా నానమ్మ కింద నుంచి కేకేసేది, పరుపులు చిరిగాయో తోలు వలుస్తానని. మమ్మల్ని చూసి కాదు, పరుపుల్ని తలుచుకుని.

ఇష్టపడి ఎంచుకున్న వేషం కాదు. మా వీధిలో ఏ పిల్లాడూ మ్యాన్‌కైండ్‌ని కోరుకునేవాడు కాదు. మల్లుల ఎత్తూ బరువూ అచ్చేసిన కార్డులు ఆడేటప్పుడు కూడా అంతే. అండర్‌టేకర్ కార్డు వస్తే ముఖం వెలిగిపోయేది. బరువు అడిగితే యోకోజునా చేతిలో ఉన్నవాడిదే రాజ్యం. టీవీలో కండలు తిరిగిన వాళ్ళ మధ్య మ్యాన్‌కైండ్ ఒక్కడే పొట్టతో, చిందరవందర జుట్టుతో, మొహానికి తోలు మాస్కుతో, తన జుట్టు తనే పీక్కుంటూ, చిన్నపిల్లల్లా కీచుగా అరుస్తూ వచ్చేవాడు. కుడి చెవి సగానికి పైగా లేదు. అది మేకప్పు అనుకునేవాళ్ళం. ఏళ్ళ తర్వాత తెలిసింది, ఆ మనిషి మీద మేకప్పు కానిది ఏదైనా ఉందంటే ఆ చెవే అని.

ఆయన అసలు పేరు మిక్ ఫోలీ. 1965 జూన్ 7న ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో పుట్టాడు, పెరిగింది న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో. తండ్రి అక్కడి హైస్కూల్లో ఆటల విభాగం చూసేవాడు. అంటే మాంచి మధ్యతరగతి కుర్రాడు, చదువుకోవాల్సినవాడు. కాలేజీలో కూడా చేరాడు, కార్ట్‌లాండ్‌లో. అక్కడ చదువుతూ 1983 అక్టోబర్ 17న దారిన పోయే కార్లని లిఫ్ట్ అడుక్కుంటూ న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కి పోయాడు. ఎందుకంటే ఆ రాత్రి జిమ్మీ స్నూకా, డాన్ మురాకోల మధ్య పంజరంలో కుస్తీ. స్నూకా ఆ ఇనుప పంజరం పైకెక్కి, అక్కడి నుంచి రెండు చేతులూ చాచి మురాకో మీదికి దూకాడు. మూడో వరసలో కూర్చుని చూశాడు ఫోలీ. తన బతుకు ఏంటో ఆ క్షణంలోనే తేల్చేసుకున్నానని తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. మా ఇళ్ళల్లో అయితే ఇంజినీరింగ్ సీటు వదిలేసి సినిమాల్లో వేషాలకి హైదరాబాద్ బస్సెక్కిన కుర్రాడితో సమానం.

కానీ ఈయన చదువు మానలేదు. వారమంతా క్లాసులు, శనాదివారాలు కారేసుకుని వందల మైళ్ళు పెన్సిల్వేనియాలోని ఫ్రీడమ్ అనే ఊరికి. అక్కడ డామినిక్ డెనూచీ అనే పాతకాలపు మల్లుడు కుస్తీ నేర్పేవాడు. రూమ్‌కి డబ్బుల్లేక కార్లోనే పడుకునేవాడట. డెనూచీ దగ్గర నేర్చుకున్నది ముందుగా పడటమే. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనక్కి తగలకూడదు, వీపంతా ఒక్కసారే నేలకి తాకాలి, చేతులు చాచి దెబ్బ పంచుకోవాలి. రింగు కాన్వాసు కింద పల్చటి ఫోమ్, దాని కింద చెక్కపలకలు, అంతే. మనం టీవీలో చూసి స్పంజి అనుకుంటాం.

మా మావయ్య ఆ రోజుల్లో పేపరు మడిచి, "అంతా ఉత్తుత్తిదేరా, ముందే మాట్లాడుకుని ఆడతారు" అనేవాడు. మాకు ఒళ్ళు మండిపోయేది. నిజానికి మావయ్య చెప్పింది తప్పేం కాదు. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, ముగింపు ఎలా ఉండాలో కూడా. కానీ పదహారు అడుగుల ఎత్తు నుంచి పడేవాడికి భూమి ఏమీ స్క్రిప్టు చదవదు కదా. మా నానమ్మకి ఈ చర్చే అక్కర్లేదు. మ్యాన్‌కైండ్ తెర మీదికొస్తే చాలు, "వీడికి ఇంట్లో చెప్పేవాళ్ళెవరూ లేరా" అని ఒక నిట్టూర్పు విడిచేది.

మ్యాన్‌కైండ్‌కి ముందు ఆయన కాక్టస్ జాక్. ఆ పేరుతోనే చిన్నచిన్న ఊళ్ళ కంపెనీల్లో తిరిగి, 1991 నుంచి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి పోటీ కంపెనీ అయిన డబ్ల్యూసీడబ్ల్యూలో ఆడాడు. చెవి సంగతి అక్కడిదే. 1994 మార్చిలో జర్మనీ, మ్యూనిక్. ఎదురుగా వేడర్ అనే కొండలాంటి మనిషి. ఫోలీకి ఒక అలవాటు ఉండేది. పై తాడుకీ రెండో తాడుకీ మధ్య తల ఇరికించి, ఉరేసుకున్నట్టు వేలాడటం. చూసేవాళ్ళకి ఊపిరి ఆగిపోయేది, ఆయనకి లెక్కలేదు. ఆ రాత్రి తాళ్ళు మామూలుకంటే బాగా బిగించి కట్టారు. తల ఇరుక్కుంది, రాలేదు. బలంగా లాక్కునేసరికి చెవి చీలింది. ఆ తర్వాత కూడా లేచి కొట్టుకున్నారు ఇద్దరూ. ఆ పెనుగులాటలో చెవి ఊడి కింద పడితే, రిఫరీ ఆ ముక్క ఎత్తి రింగ్ అనౌన్సర్ చేతిలో పెట్టాడు. ఆట ఆగలేదు. ఇది చదివిన రోజు నేను అన్నం తింటున్నాను, పళ్ళెం పక్కన పెట్టేశాను.

మరుసటి ఏడాది, 1995 ఆగస్టులో, జపాన్‌లోని కవాసాకి స్టేడియంలో టోర్నమెంటు. తాళ్ళ బదులు ముళ్ళతీగ, పేలే పలకలు. ఫైనల్లో ఎదురైనవాడు టెర్రీ ఫంక్, అప్పటికి యాభై దాటిన మనిషి. ఫోలీకి గురువులాంటివాడు. గురువు మీద గెలిచాడు. ఆ ఫోటోలు చూడొద్దని చెప్పను కానీ, పిల్లలున్న ఇంట్లో చూడకండి.

1996లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లోకి తీసుకున్నప్పుడు యజమాని విన్స్ మెక్‌మాన్‌కి ఈయన వాలకమే నచ్చలేదు. కంపెనీ వ్యాఖ్యాత జిమ్ రాస్ పట్టుబడితే సరేనన్నాడు, మొహం మాత్రం కప్పెయ్యమన్నాడు. అలా పుట్టింది ఆ తోలు మాస్కు. ముందు అనుకున్న పేరు మేసన్ ద మ్యుటిలేటర్. మ్యాన్‌కైండ్ అనే పేరు ఫోలీయే సూచించాడు. వచ్చీ రావడంతోనే అండర్‌టేకర్ మీద పడ్డాడు. అప్పటిదాకా అండర్‌టేకర్ దెబ్బ తగిలినా కదలని శవంలాంటి పాత్ర. ఈ పిచ్చివాడు ఎదురయ్యాకే ఆయనకీ నొప్పి ఉంటుందని, ఆయన కూడా పరిగెడతాడని జనానికి తెలిసింది. మా బావ అన్నేళ్ళు అండర్‌టేకర్‌ని ఆరాధించాడు గానీ, ఆ ఆరాధనలో సగం కూలి ఫోలీకి చెల్లాలి.

అసలు ఫోలీ వృత్తి రహస్యమంతా అక్కడే ఉంది. ఓడిపోవడం ఆయనకి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాలేదు. తను పడే పద్ధతిని బట్టి ఎదుటివాడు దేవుడైపోతాడు. 2000 జనవరిలో ట్రిపుల్ హెచ్‌తో ఆడినప్పుడు చూడండి. అప్పటికే ట్రిపుల్ హెచ్ ఛాంపియనే, కానీ జనం ఇంకా మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. మాస్కు తీసేసి కాక్టస్ జాక్‌గా మారిన ఫోలీ చేతిలో చావుదెబ్బలు తిని, కాలు చీరుకుపోయి, అయినా గెలిచేసరికి ట్రిపుల్ హెచ్ స్థాయే మారిపోయింది. ఓడినవాడు ఇంటికెళ్ళాడు.

ఇక ఆ రాత్రి గురించి చెప్పకపోతే నన్నెవరూ క్షమించరు.

1998 జూన్ 28. పిట్స్‌బర్గ్. అండర్‌టేకర్‌తో హెల్ ఇన్ ఎ సెల్ ఆట. రింగు చుట్టూ, పైన కూడా ఇనుప వలతో మూసేసిన పంజరం. మామూలుగా దాని లోపల కొట్టుకుంటారు. ఫోలీ మాత్రం తిన్నగా పంజరం పైకెక్కాడు, ఆట అక్కడే మొదలుపెట్టమని. పైన మొదలుపెడితే ఎలా ఉంటుందన్న మాట టెర్రీ ఫంక్ నోటి నుంచే వచ్చిందట, సరదాకి. అండర్‌టేకర్‌కి అప్పటికే పాదం దగ్గర ఎముక చిట్లి ఉంది. ఆ కాలితోనే ఎక్కాడు. వాళ్ళ అడుగుల కింద వల కిందికి కుంగుతోంది, కట్టిన క్లిప్పులు ఒక్కొక్కటీ టపటపా ఊడుతున్నాయి. ఫోలీ చొక్కా పట్టుకుని ఒక్క తోపు. 130 కేజీల మనిషి గాల్లో ఒక పల్టీ కొట్టి, పదహారు అడుగుల కింద ఉన్న స్పానిష్ వ్యాఖ్యాతల టేబుల్ మీద పడ్డాడు. టేబుల్ పిండైపోయింది. చంపేశారు, మనిషిని చంపేశారు అని జిమ్ రాస్ గొంతు చించుకుని అరిచాడు.

అంతవరకూ అనుకున్నదే. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే మధ్యలో దిగిపోయాడు, మళ్ళీ పంజరం ఎక్కాడు. మేము నోళ్ళు తెరుచుకుని ఉండిపోయాం. పైన అండర్‌టేకర్ ఈయన గొంతు పట్టుకుని ఎత్తి వలకేసి కొట్టాడు. ఆ వల కుంగాలి, తెగకూడదు. తెగిపోయింది. మనిషి నేరుగా రింగులోకి, ఈసారి టేబుల్ కూడా లేదు. వెనకాలే పైనున్న ఇనుప కుర్చీ వచ్చి మొహం మీద పడింది. పన్ను విరిగి, ఆ ముక్క ముక్కు దగ్గర ఇరుక్కుంది. టెర్రీ ఫంక్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. కథలో భాగంగా వచ్చినట్టే ఉంటుంది గానీ, పాపం మనిషి బతికి ఉన్నాడో లేదో చూడ్డానికి వచ్చాడు. ఫోలీ తేరుకునేదాకా కాలక్షేపానికి ఆయన్ని కూడా అండర్‌టేకర్ ఎత్తి కుదేశాడు. ఫంక్ బూట్లు రెండూ ఊడి ఎగిరిపోయాయి.

ఆ తర్వాత కెమెరా ఫోలీ మొహం మీదికి వస్తుంది. మూలన చతికిలబడి, నోరంతా రక్తం, నవ్వుతున్నాడు. ప్రపంచమంతా ఆ ఫోటో చూసి ఎంత పిచ్చివాడో అనుకుంది. నవ్వడం కాదట. పెదవి కింద చిల్లు పడితే, అందులోంచి నాలుక బయటికి వస్తుందో లేదో చూసుకుంటున్నాడట. ఆట అక్కడితోనూ ఆగలేదు. నోటీసు బోర్డుకి గుచ్చే పిన్నులు సంచీడు తెచ్చి రింగులో కుమ్మరించాడు. మామూలుగానే వాటి మీద పడింది తనే. అంతా అయ్యాక లోపలికి వెళ్ళి అండర్‌టేకర్‌ని అడిగాడట, "నేను పిన్నులు వాడానా?" అని. అండర్‌టేకర్ చిరాగ్గా చెయ్యి చూసుకోమన్నాడు. చేతినిండా పిన్నులు గుచ్చుకుని ఉన్నాయి. ఇంకో విడ్డూరం, అదే రాత్రి చివరి ఆటలో కూడా వచ్చి కనపడ్డాడు. కంపెనీకి ఇంత చేసినందుకు కృతజ్ఞతలు చెప్పి, ఇలాంటిది మళ్ళీ చూడదలుచుకోలేదు అన్నాడట మెక్‌మాన్.

మా ఊరికి ఆ టేపు వచ్చేసరికి అమెరికాలో పాతబడిపోయి ఉంటుంది. మా మావయ్య ఆ పూట పేపరు మడిచి పక్కన పెట్టి మొత్తం చూశాడు. ఉత్తుత్తిదని మాత్రం అనలేదు. లేచి వెళ్ళి, "ఈ పిల్లల్ని డాబా ఎక్కనివ్వకండి" అని అత్తయ్యతో చెప్పాడు. పిట్టగోడ ఉన్న వైపు తాళం పడింది.

విచిత్రం ఏమిటంటే, ఇంత రక్తం కార్చినా జనం ఆయన్ని ప్రేమించింది ఒక సాక్సు వల్ల. ఆ అక్టోబర్లో ఆసుపత్రి మంచం మీదున్న మెక్‌మాన్‌ని పరామర్శించడానికి వెళ్ళి, నవ్వించాలని చేతికి సాక్సు తొడిగి బొమ్మలాట ఆడాడు. మిస్టర్ సాకో. దాన్ని ఎదుటివాళ్ళ నోట్లో కుక్కితే హాలు హాలంతా ఊగిపోయేది. మా ఇంట్లో నాన్న ఆఫీసు సాక్సులు మాయమవ్వడం అప్పుడే మొదలైంది. అన్నయ్య నోట్లో ఒకసారి నిజంగానే కుక్కాను. ఉతకనిది. మ్యాన్‌కైండ్‌గా నేను గెలిచిన ఆట అదొక్కటే, దానికీ వీపు విమానం మోత మోగింది.

1999 జనవరి 4న ప్రసారమైన కార్యక్రమంలో ఫోలీ ద రాక్‌ని ఓడించి ఛాంపియన్ అయ్యాడు. దాన్ని వారం ముందే వూస్టర్‌లో రికార్డు చేశారు. అదే సమయానికి పోటీ చానెల్లో డబ్ల్యూసీడబ్ల్యూ కార్యక్రమం నడుస్తోంది. అక్కడి వ్యాఖ్యాత, పైవాళ్ళు చెప్పమంటే, ఈ రాత్రి అవతల మిక్ ఫోలీ ఛాంపియన్ అవుతున్నాడు, దానికి సీట్లు తెగ నిండుతాయిలే అని వెటకారంగా బయటపెట్టేశాడు. చూడొద్దని చెప్పడం వాళ్ళ ఉద్దేశం. జరిగింది వేరు. లక్షల మంది ఆ క్షణంలో చానెల్ మార్చేశారు, ఫోలీ గెలవడం చూడ్డానికే. అవతలి కంపెనీ 2001లో మెక్‌మాన్‌కే అమ్ముడైపోయింది. ఆ ఒక్క వెటకారం వల్లే అని నేననను, కానీ నాకు మాత్రం అది తలుచుకుంటే ఇప్పటికీ భలే తృప్తి.

ఆ ఆనందం మూడు వారాలు కూడా నిలవలేదు. జనవరి 24న అనహైమ్‌లో రాక్‌తో 'ఐ క్విట్' ఆట. ఎవరో ఒకరు ఓటమి ఒప్పుకుంటేనే అయిపోతుంది. ఫోలీ చేతులకి వెనక్కి బేడీలు వేసి, రాక్ ఇనుప కుర్చీతో తల మీద కొట్టడం మొదలుపెట్టాడు. బేడీలుంటే తలకి చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి లేదు. అనుకున్నది ఐదు దెబ్బలు. పడినవి పదకొండు. చిన్నప్పుడు మేం దాన్ని లెక్కపెడుతూ చూశాం. ఆరు, ఏడు, ఎనిమిది అని అరుస్తూ.

తర్వాత చాలా ఏళ్ళకి ఒక డాక్యుమెంటరీలో అదే ఆటని అవతలి వైపు నుంచి చూశాను. రింగు పక్కన మొదటి వరసలో ఫోలీ భార్య, చిన్న కొడుకు, చిన్న కూతురు. నాన్న ఆడుతున్నాడు, ఇది ఉత్తదే అని ముందే చెప్పి తీసుకొచ్చారు. మూడో నాలుగో దెబ్బకే పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. తల్లి వాళ్ళని ఎత్తుకుని బయటికి పరిగెత్తింది. ఆ వీడియో చూపించినప్పుడు ఫోలీ మొహం చూడాలి. మాట రాలేదు. మంచి తండ్రిననుకున్నాను, ఇప్పుడలా అనిపించడం లేదన్నట్టు ఏదో గొణిగాడు. నానమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు ఆ మొదటి వరసలో కూర్చుని ఉందన్నమాట. తలమీద కుర్చీతో కొట్టడాన్ని ఆ కంపెనీ 2010లో పూర్తిగా మాన్పించింది.

ఫోలీకి అప్పటికే అర్థమైనట్టుంది, ఒంటితో ఇంకెన్నాళ్ళో సాగదని. ఆ 1999లోనే ఆత్మకథ రాశాడు. వేరేవాళ్ళ చేత రాయించే ఏర్పాటు కంపెనీ చేస్తే, వాళ్ళ రాత నచ్చక తనే విమానాల్లో, హోటల్ గదుల్లో కూర్చుని చేత్తో వందల పేజీలు రాశాడు. కంప్యూటర్ కూడా కాదు, కాగితం మీద. అది న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. ఒక మల్లయోధుడి పుస్తకం అక్కడికి వెళ్తుందని ఎవరూ అనుకోలేదు. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో పాతపుస్తకాల కొట్లో దొరికితే కొన్నాను. దాని నిండా హాస్యమే. చెవి ఊడిన సంగతి కూడా మన పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. తెలివైన మనిషి వేసిన పిచ్చివాడి వేషం అని అర్థమవ్వడానికి ఆ పుస్తకం చాలు.

2000లో రిటైర్మెంటు అన్నాడు. కుస్తీలో రిటైర్మెంటుకి, మన రాజకీయాల్లో సన్యాసానికి ఉన్నంత విలువే. మళ్ళీ వచ్చాడు, 2004లో కుర్ర రాండీ ఆర్టన్‌ని పెద్దవాణ్ణి చేశాడు, 2006లో ఎడ్జ్ చేతిలో మండుతున్న టేబుల్ మీద పడి అతన్నీ ఒక మెట్టు ఎక్కించాడు. అదే పని, ఎప్పుడూ చేసిందే. ఆ తర్వాత లైంగిక హింసకి గురైనవాళ్ళకి సాయం చేసే సంస్థకి ఆన్‌లైన్ హెల్ప్‌లైన్‌లో వాలంటీర్‌గా కూర్చునేవాడు. క్రిస్మస్ వస్తే గడ్డం తెల్లగా చేసుకుని శాంతా వేషం. తుంటి, మోకాలు మార్పిడి చేయించుకోవాల్సి వచ్చింది. ఎందుకో చెప్పక్కర్లేదు.

మొన్నో పెళ్ళిలో బావ కనపడ్డాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. అండర్‌టేకర్ పోలికలు ఏమీ మిగల్లేదు, నన్నడిగితే ఇప్పుడు బావే మ్యాన్‌కైండ్. భోజనాల దగ్గర ఇద్దరం ఫోన్లో 2013 హాల్ ఆఫ్ ఫేమ్, అంటే గొప్ప మల్లుల్ని సత్కరించే సభ, వీడియో పెట్టుకున్నాం. మాడిసన్ స్క్వేర్ గార్డెన్. కుర్రాడిగా లిఫ్ట్ అడుక్కుని వెళ్ళిన చోటే. వేదిక మీదికి పిలిచింది టెర్రీ ఫంక్. ఫోలీ మాట్లాడుతూ మాట్లాడుతూ, ఇన్నేళ్ళలో తోటి మల్లుడు క్రిస్ జెరికోని ఒక్కసారి కూడా ఓడించలేకపోయానని వాపోయాడు. కింద కూర్చున్న జెరికో సూటూ బూటూతో లేచి వేదికెక్కి, వెల్లకిలా పడుకున్నాడు. ఫోలీ మోచెయ్యి ఊపి అతని మీద పడ్డాడు. ఇంకో మల్లుడు సీఎం పంక్ రిఫరీలా వచ్చి నేల చరుస్తూ లెక్కపెట్టాడు, ఒకటి, రెండు, మూడు. హాలంతా గోలగోల.

"అన్యాయంరా, వాడు కావాలని పడుకున్నాడు" అన్నాడు బావ, గుత్తొంకాయ కలుపుకుంటూ. ఇన్నేళ్ళు డాబా మీద నేను చేసింది ఏమనుకుంటున్నాడో మరి.